దీపం ఆరిందా సారూ

కిందటి నెలలో ఒక మధ్యాహ్నం కొత్తపేట నుంచి ఎల్.బి. నగర్ వైపు ఆటోలో వెళ్తున్నాను. మెట్రో స్తంభాల నీడలో బండ్లన్నీ ఆగిపోయాయి. పక్కనే ఒక బ్యాటరీల షాపు. లోపల గోడకు ఒక ఫొటో, దానికి చామంతుల దండ. దండ ఇంకా వాడలేదు. ఫొటోలో మనిషి ఎడమ కన్ను సగం మూసి చూస్తున్నాడు, కెమెరాలో ఏ తీగ వదులైందో వెతుకుతున్నట్టు. నేను ఆటో దిగిపోయాను.

"నాయిన పోయి వారమైంది సార్. నిద్రల్నే పోయిండు," అన్నాడు గల్లా దగ్గరున్న ఆయన కొడుకు. నన్ను గుర్తుపట్టలేదు. "మీరు?"

"పాత గిరాకీని," అన్నాను.

"శుక్రవారం దినం జేస్తున్నం. రార్రి సార్."

తలూపి బయటికొచ్చాను. నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను. ఆయన పోయాడని విన్నప్పుడు నాకు ముందుగా కలిగింది ఊరట. ఇక నన్ను ఆ ప్రశ్న అడిగే మనిషి లేడు. రోడ్డు దాటేలోగా ఆ ఊరటకే భయం వేసింది. రక్షణ పొందినవాణ్ననీ, వాక్యం తెలిసినవాణ్ననీ నలుగురూ అనుకునే నేను ఒక మంచి మనిషి చావు విని తేలికపడ్డాను.

నేను కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగం మీద హైదరాబాదు వచ్చేనాటికి దిల్‌సుఖ్‌నగర్ దాటితే విజయవాడ రోడ్డుకు రెండువైపులా హద్దురాళ్ళే కనపడేవి. వారానికో కాలనీ బోర్డు లేచేది. రోడ్డు పక్కన నాలుగు రేకుల కింద ఆ ఫొటోలోని ఆయన దుకాణం ఉండేది. పగిలిన బ్యాటరీ డబ్బాలు, స్వేదనజలం సీసాలు, ముక్కుపుటాలు మండించే యాసిడ్ వాసన. యాసిడ్ చుక్కలు పడి పడి ఆయన చొక్కా నిండా చిల్లులే.

"మా ఇంటామె జల్లెడ కొననియ్యది. నీ అంగి ఉన్నది గద అంటది," అనేవాడు.

మొదటిసారి వెళ్ళినప్పుడు నన్ను "నువ్వు" అన్నాడు. ఆఫీసులో పనిచేసేవాణ్ని, మా క్రైస్తవ సంఘంలో కార్యదర్శిని, నాకు చివుక్కుమంది. ఆయన "సారూ" అనేదీ మనస్ఫూర్తిగానే, "నువ్వు" అనేదీ మనస్ఫూర్తిగానే అని తెలియడానికి ఏడాది పట్టింది.

"ఇల్లు ఏడ సారూ?"

కాలనీ పేరు చెప్పాను. మూడో వీధి అన్నాను.

"ఆఁ. మా బాయి మీద."

"బావి మీదా?"

"నీ ఇంటి ముందట రోడ్డు జర కుంగి ఉంటది సూడు. గాడనే. పూడ్సినా గుంజుతనే ఉన్నది."

నిజంగానే మా గేటు ముందు రోడ్డు కుంగేది. ఏటా వానలకు అక్కడే నీళ్ళు నిలిచేవి. వాళ్ళ పొలం పోయి కాలనీ వచ్చింది. అన్నదమ్ములు డాబాలు కట్టుకున్నారు, స్కూటర్లు కొన్నారు. ఈయన మాత్రం బావి మోటారు బాగుచేస్తూ నేర్చుకున్న తీగల పని పట్టుకుని రోడ్డు మీదికొచ్చాడు. కాలనీల పేర్లు ఆయన నోట ఎప్పుడూ రాలేదు. "జొన్న చేను కాడ ఉండే సారు", "పల్లి చేను మేడమ్" అనేవాడు. మా సంఘం హాలు ఉన్న చోటు ఆయనకు వంకాయ మడి. మా దైవసేవకుణ్ని మేమంతా అయ్యగారు అంటాం. ఆయన మాత్రం "వంకాయ మడి పంతులు" అనేవాడు.

బ్యాటరీ తెస్తే ముందు చెవి ఆనించి వినేవాడు. తర్వాత మూత మీద చేతిని తిరగేసి పెట్టేవాడు, జ్వరం చూసినట్టు. గిరాకీ ఆగలేక, "డైనమో పోయిందంటావా అన్నా?" అని అడిగితే ఎడమ కన్ను సగం మూసేవాడు.

"నేనేమంట? దీపం అంటది."

ఆ దీపమంటే పాత లారీ బల్బు ఒకటి. దానికి రెండు తీగలు, తీగల చివర రెండు క్లిప్పులు. రాత్రికి బాగానే ఉన్న బ్యాటరీ పొద్దునకి చచ్చిపోతే ఆయన ఈ దీపం తీసేవాడు. బండిలో అన్నీ ఆపించి, తాళంచెవి తీయించి, బ్యాటరీ నుంచి ఒక తీగ ఊడదీసి, ఆ సందులో ఈ దీపాన్ని కలిపేవాడు. బండి నిజంగా పడుకుని ఉంటే దీపం వెలగదు. వెలిగిందంటే లోపల ఏదో చాటుగా కరెంటు తాగుతోందన్నమాట. అప్పుడు ఫ్యూజులు ఒక్కొక్కటే పీకేవాడు. ఏది పీకితే దీపం ఆరుతుందో తప్పు ఆ దారిలో ఉన్నట్టు.

నాకు అది ఎప్పుడూ వింతగా ఉండేది. చిన్నప్పటి నుంచి వెలుగంటే దేవుని వైపు, చీకటంటే అవతలి వైపు అని విన్నవాణ్ని. ఈయన దగ్గర దీపం ఆరడమే శుభవార్త. ఆ మాటే అన్నానొకసారి.

"నీ దీపం వేరే సారూ. నాది చాడీకోరు దీపం," అని నవ్వాడు.

దీపం ఆరగానే ఆయన లేచేవాడు కాదు. బీడీ వెలిగించి అక్కడే కూర్చునేవాడు. గిరాకీ తొందరపడితే, "ఆరంగనే లేవొద్దు. జరసేపు కూసోవాలె. మల్ల ఎలుగుతదేమో సూడాలె," అనేవాడు. బీడీ అయ్యేదాకా ఆరిన దీపాన్ని చూస్తూ కూర్చునే మనిషిని నేను మరెక్కడా చూడలేదు.

మా సంఘానికి ఒక పాత పికప్ బండి ఉండేది. ఎవరో కంపెనీ వాళ్ళు వాడి వదిలేసింది. వెనక తొట్టికి టార్పాలిన్ కట్టి, అటూ ఇటూ బల్లలు వేశాం. ఆదివారం పొద్దున నాగోలు నుంచీ, హయత్‌నగర్ అవతలి పల్లెల నుంచీ ముసలివాళ్ళను, నడవలేనివాళ్ళను దాంట్లోనే తెచ్చేవాళ్ళం. శనివారం సాయంత్రం అదే బండి మీద మైకు పెట్టి కాలనీ కూడళ్ళలో సువార్త చెప్పేవాళ్ళం. మైకు సెట్టు కొన్నదీ, సీటు కింద చెక్కపెట్టె చేయించి దాన్ని అందులో అమర్చిందీ, దానికి బ్యాటరీ నుంచి తీగ లాగించిందీ నేనే. ఆ పనిని దేవుని పరిచర్యగానే చేశాను.

బండి నడిపేది యాదగిరి. హయత్‌నగర్ దగ్గరి వాడు, పాతికేళ్ళుంటాయి. బాప్తిస్మం తీసుకుని రెండేళ్ళు. హాలు వెనక గదిలో భార్యతో, చంటిపిల్లతో ఉండేవాడు. పాటలు అందరికంటే ఒక వాక్యం ఆలస్యంగా పాడేవాడు. చదువు రాదు కాబట్టి పక్కవాడు పాడింది విని అందుకునేవాడు.

ఆ ఏడు చలికాలంలో ఆదివారం పొద్దున బండి కదలడం మానేసింది. శనివారం బాగానే ఉండేది, ఆదివారం తాళం తిప్పితే టక్కుమని ఊరుకునేది. నలుగురం తోసినా ఒక్కోసారి లేచేది కాదు. బ్యాటరీ మార్చాం, డైనమో విప్పించాం, అయినా అంతే. ఒక ఆదివారం హయత్‌నగర్ రోడ్డు మీద మా బండి కోసం నిలబడీ నిలబడీ ఒక ముసలమ్మ నీరసించి సొమ్మసిల్లింది. ఆ రోజు పెద్దలు గట్టిగా మాట్లాడుకున్నారు. శనివారం రాత్రి మనం ఇళ్ళకు పోయాక ఈ బండి ఎటో తిరుగుతోంది, అన్నారు.

గడ్డిఅన్నారానికి పండ్ల మార్కెట్టు కొత్తగా వచ్చిన రోజులవి. రాత్రంతా అక్కడ సరుకు దిగేది, చిన్న బండ్లకు గిరాకీ ఉండేది. మా తొట్టిలో వరిగడ్డి కనపడింది. పండ్ల బుట్టల్లో వేసే గడ్డి. దాన్ని మొదట చూసింది నేనే.

ఆదివారం ఆరాధన తర్వాత యాదగిరిని పిలిచారు. చెప్పులు బయట విడిచి లోపలికొచ్చి చేతులు కట్టుకున్నాడు.

"దేవుని ఎదుట నిజం చెప్పు బాబూ," అన్నారు అయ్యగారు. "శనివారం రాత్రి బండి ఎక్కడికి వెళ్తోంది?"

"ఏడికి పోతలేదు అయ్యగారూ. గేటు లోపలనే ఉంటది."

"మరి గడ్డి ఎక్కడిది?" అన్నాను నేను.

"ముసలవ్వలు బల్ల మీద కూసోలేరు సార్. కింద కూసుంటే రేకు గుచ్చుకుంటదని పరిచిన."

"ఎక్కణ్నుంచి తెచ్చావు?"

"మార్కెట్ల పారేసింది తెచ్చిన."

"చూశారా? మార్కెట్టుకు వెళ్ళానని తనే చెప్తున్నాడు."

"సైకిల్ మీద వోయిన సార్."

నేను జేబులోంచి డైరీ తీశాను. ప్రతి శనివారం సాయంత్రం, ఆదివారం పొద్దున బండి మీటరు అంకెలు రాసి ఉంచాను. అంకెలు మారలేదు. మారలేదు కాబట్టి అతను తప్పు చేయలేదనుకోవాలి. నేను మాత్రం, "మీటరు తీగ ఊడదీసి నడిపితే అంకె తిరగదు," అన్నాను. ఆ కిటుకు నాకు తెలిసింది ఆ బ్యాటరీ దుకాణంలోనే, ఏదో కబుర్ల మధ్య.

యాదగిరి నావైపు చూసి, "నాకు గది తెల్వది సార్," అన్నాడు.

ఆ ముందు ఆదివారమే నేను హాల్లో పాఠం చెప్పాను. శిబిరంలో ఒక్కడు దాచిపెట్టినదాని వల్ల సేనంతా ఓడిపోయిన వృత్తాంతం. గోత్రం తర్వాత గోత్రాన్ని, కుటుంబం తర్వాత కుటుంబాన్ని నిలబెట్టి, చివరికి ఆ ఒక్క మనిషిని బయటికి తీసిన వైనం. చెప్తున్నంతసేపూ నా కళ్ళు యాదగిరి మీదే ఉన్నాయి.

పెద్దలు అతణ్ని బల్ల నుంచి ఆపారు. నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల, రొట్టె, రసం అందరూ కలిసి తీసుకునేది, అతనికి లేదు. సంఘం ఎదుట నిలబడి ఒప్పుకుంటే సరి. వచ్చే మొదటి ఆదివారంలోగా ఒప్పుకోకపోతే గది ఖాళీ చేయాలి. దాని కోసం శుక్రవారాలు ఉపవాస ప్రార్థన పెట్టుకున్నాం, నిజం బయటపడాలని.

నేను ఆయన దుకాణానికి వెళ్ళింది బండి బాగుచేయించడానికి కాదు. సాక్ష్యం కోసం.

"రాత్రిపూట బండి తిప్పడం వల్లే బ్యాటరీ పోతోందని మీరొక్క మాట చెప్తే చాలు," అన్నాను.

ఆయన స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. "తిప్పితే బ్యాటరీ నిండుతది సారూ. పోదు."

నాకు ఆ ఆలోచనే రాలేదు. అయినా పట్టు వదలకుండా, "దీపాలు వేసి ఎక్కడో ఆపి ఉంచుతాడేమో," అన్నాను.

"మనిషి సంగతి నన్నడగకు. తీగల సంగతి అడుగు." ఎడమ కన్ను సగం మూశాడు. "ఆదివారం పొద్దుగాల నేనే ఒస్త. శనివారం మీ మైకు పనులన్ని చేసుకోర్రి. తర్వాత ఎవ్వడు ఏమీ ముట్టొద్దు. ఎట్ల సచ్చిందో అట్లనే ఉండాలె."

ఆ ఆదివారమే మొదటి ఆదివారం. పొద్దు పొడిచేసరికి వచ్చాడు, సైకిలు వెనక ట్యూబు రబ్బరుతో కట్టిన బ్యాటరీతో. చచ్చిన బ్యాటరీ మీద ఆయన దీపం వెలగదు కాబట్టి మంచిది వెంట తెచ్చుకున్నాడు. నేనొక్కణ్నే ఉన్నాను. యాదగిరిని బండి ముట్టుకోవద్దన్నారు కాబట్టి గేటు బయట నిలబడి ఉన్నాడు.

బానెట్ ఎత్తి, మంచి బ్యాటరీ పెట్టి, సందులో దీపం కలిపాడు. బల్బు లోపలి తీగ ఎర్రబడింది, అగరుబత్తి కొస అంత.

"తాగుతున్నది," అన్నాడు.

ఫ్యూజు పీకాడు. వెలుగుతూనే ఉంది. రెండోది, మూడోది. ఒక్కోటి పీకినప్పుడల్లా నాకు నా పాఠమే గుర్తొచ్చింది, గోత్రం తర్వాత గోత్రం. అన్నీ అయిపోయాయి. దీపం అలాగే ఉంది.

"ఫ్యూజులకు అవుతల ఉన్నది సారూ. కంపెనోడు పెట్టింది కాదు. ఎవడో ఎనకమల్ల కలిపిండు." దీపం నా చేతికిచ్చాడు. "పట్టుకో. లోపటికెల్లి నాకు కనపడది. ఆరంగనే చెప్పు."

బ్యాటరీ నుంచి పోయే ఒక నల్ల తీగ మీద వేళ్ళు ఆనించి, దాని వెంటే క్యాబిన్‌లోకి దూరాడు. ఆ తీగ ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. మైకు సెట్టు కొన్న రోజు షాపువాడు చెప్పిన మాట అప్పుడు పిడుగులా గుర్తొచ్చింది. ముందున్న స్విచ్చు ఇంటి కరెంటుకే సార్, బ్యాటరీ మీద వాడితే వెనక పిన్ను పీకేయాలి, లేకపోతే సెట్టు లోపల నడుస్తూనే ఉంటుంది. మొదట్లో పీకేవాణ్ని. పిన్ను బిగువు. సీటు కింద వంగి పీకాలి. ఆదివారం పొద్దున సెట్టును ఎలాగూ హాల్లోకి తీస్తాం కదా అని మానేశాను. అందుకే ఆదివారం మాత్రమే బండి చచ్చేది. మిగతా వారమంతా ఆ సెట్టు హాల్లోనే ఉండేది.

క్యాబిన్‌లో ఏదో కీచుమంది. నా చేతిలో దీపం ఆరిపోయింది.

"ఆరిందా సారూ?"

"లేదు," అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ చెప్పలేను. ఆలోచించి అన్నది కాదు, నోట్లోంచి వచ్చేసింది. ఆయన పిన్ను మళ్ళీ గుచ్చినట్టున్నాడు, దీపం వెలిగింది. మళ్ళీ పీకాడు, ఆరింది.

"ఇప్పుడు?"

ఈసారి నేను మాట్లాడలేదు. ఆయన వెనక్కి పాక్కుంటూ బయటికొచ్చి నా చేతిలోని దీపం చూశాడు. తర్వాత నన్ను చూశాడు. ఆ రోజు ఎడమ కన్ను మూయలేదు, రెండు కళ్ళతోనూ చూశాడు. దీపాన్ని నా చేతుల్లోంచి తీసుకుని, బండి మెట్టు మీద కూర్చుని బీడీ వెలిగించాడు.

"కూసో సారూ."

"సెట్టు నేనే పెట్టించాను."

"ఎరుకైంది."

"పిన్ను చాలా గట్టిగా ఉంటుంది. ఎలాగూ పొద్దున తీస్తాం కదా అని..."

"ఎరుకైంది సారూ."

గేటు వైపు చూడకుండా మెల్లగా అడిగాను. "ఎవరితోనైనా చెప్తారా?"

"తప్పు సూపెట్టుడు నా పని. సెప్పుడు బండోని పని," అన్నాడు. బీడీ అయ్యేదాకా ఆరిన దీపాన్నే చూస్తూ కూర్చున్నాడు. అయ్యాక ఫ్యూజులు పెట్టి, మంచి బ్యాటరీ బండిలోనే ఉంచి, చచ్చినదాన్ని సైకిలుకు కట్టుకుని వెళ్ళిపోయాడు. గేటు దగ్గర యాదగిరి భుజం మీద ఒక చెయ్యి వేసి తీశాడు.

ఆరాధనలో అయ్యగారు, "బండి సంగతేమిటి?" అని అడిగారు. నేను లేచాను. హాలు నిండా తెల్లబట్టలు, ముందు చాప మీద నేను పాఠం చెప్పే పిల్లలు.

"బండి బాగైంది. దేవునికి స్తోత్రం," అని కూర్చున్నాను.

అందరూ స్తోత్రమన్నారు. నా పక్కనున్న పెద్దాయన నా చెవిలో, "పాపిని పక్కన పెట్టగానే బండి కదిలింది చూశారా," అన్నాడు. రొట్టె నా వరుసకు వచ్చింది. వాక్యం తెలియనివాణ్ని కాదు. లోపల తీర్చుకోని తప్పు పెట్టుకుని ఆ రొట్టె తినేవాడు తన మీదికి తీర్పు తెచ్చుకుంటాడని పిల్లలకు నేర్పేవాణ్ని నేనే. పళ్ళెం నా ముందు ఆగింది. తీసుకోకపోతే అందరూ చూస్తారు. తీసుకున్నాను.

యాదగిరి ఒప్పుకోలేదు. ఆ వారమే గది ఖాళీ చేశాడు. బ్యాటరీల ఆయనే మార్కెట్టులో ఎవరికో చెప్పి అతనికి డ్రైవరు పని ఇప్పించాడని తర్వాత విన్నాను. రాత్రిళ్ళు పండ్ల బండి నడిపాడని నిందపడినవాడు చివరికి పండ్ల బండే నడిపాడు.

ఆ తర్వాత ఆయన ఎక్కడ కనపడినా ఒక్కటే మాట. నీళ్ళ ట్యాంకరు దగ్గర బిందెలతో నిలబడి ఉంటే సైకిలు ఆపి, "ఆరిందా సారూ?" దిల్‌సుఖ్‌నగర్ బస్టాపులో, మా ఆఫీసు వాళ్ళ ముందే, "ఆరిందా సారూ?" వాళ్ళు అదేదో బ్యాటరీ కబురనుకునేవారు. ఎగతాళి ఉండేది కాదు ఆ గొంతులో. అన్నం తిన్నావా అని అడిగినట్టే అడిగేవాడు. నేను, "ఇంకా లేదు," అనేవాణ్ని. మొదటిసారి అబద్ధంగా అన్న మాటే ఆ తర్వాత ప్రతిసారీ నిజమైంది. స్కూటరు బ్యాటరీకి వేరే షాపు వెతుక్కున్నాను. ఆయన దుకాణం రాకుండా సందుల్లోంచి తిరిగి వెళ్ళడం అలవాటైంది.

చాలా ఏళ్ళ తర్వాత సరూర్‌నగర్ చెరువు కట్ట మీద ఎదురుపడ్డాడు. జుట్టు తెల్లబడింది. నా స్కూటరు హ్యాండిల్ పట్టుకున్నాడు. నేను జవాబు సిద్ధం చేసుకున్నాను. ఆయన ఏమీ అడగలేదు. చేతిని తిరగేసి నా మణికట్టు మీద ఆనించాడు, బ్యాటరీ మీద ఆనించినట్టే. "మంచిది సారూ," అని వదిలేశాడు. ఆ రాత్రి నాకు ప్రార్థన సాగలేదు.

శుక్రవారం దినానికి వెళ్ళాను. ఇంటి ముందు షామియానా, కుర్చీలు. నీళ్ళ గ్లాసులు పంచుతున్న మనిషి నా ముందుకొచ్చి ఆగాడు. అరవై దాటినవాడు, మెడలో తువ్వాలు.

"బాగున్నరా సార్?"

గొంతు విన్నాక గుర్తుపట్టాను. యాదగిరి.

నిలబడ్డాను. అతని చెయ్యి పట్టుకుని షామియానా అవతలికి తీసుకెళ్ళి, ఇన్నేళ్ళూ కూడబెట్టుకున్నదంతా ఒక్క ఊపున చెప్పాను. పిన్ను, సెట్టు, దీపం, స్తోత్రం. అతను గ్లాసుల పళ్ళెం పట్టుకుని విన్నాడు.

"నాకు ఎరుకే సార్."

"ఆయన చెప్పాడా?"

"ఆయన ఒక్కనాడు చెప్పలే. నేను గేటు కాడ ఉన్న గద. దీపం ఆరింది సూసిన. మీరు లేదన్నది ఇన్న."

"మరి ఎందుకు ఊరుకున్నావు? లోపలికొచ్చి అందరి ముందూ చెప్పాల్సింది."

"నేను సెప్తె ఎవరింటరు సార్? మీరు సెప్తరనుకున్న. పాటలయినయి. మీరు లేసి నిలబడ్డరు. ఇగ సెప్తరని గేటు కాడనే ఉన్న. బల్ల అయ్యేదాక ఉన్న." పళ్ళెంలో గ్లాసులు సర్దాడు. "అన్నం తినిపోర్రి సార్. ఆయనకు మీరంటె మస్తు పావురం, మస్తు ఇష్టం. ఆంధ్ర సారు ఎన్నడన్న ఒస్తడు అనేటోడు."

ఎల్లుండి మొదటి ఆదివారమని చెప్పాను. రమ్మన్నాను.

"సూస్త," అన్నాడు.

ఆ ఆదివారం ఒప్పుకోలు సమయంలో లేచాను. అప్పటి అయ్యగారు లేరు, ఆ పెద్దలు లేరు. అప్పుడు చాప మీద కూర్చున్న పిల్లల్లో ఇద్దరికి తలలు నెరిశాయి. పికప్ బండి ఎవరికీ గుర్తు లేదు. అయినా మొత్తం చెప్పాను, యాదగిరి పేరుతో సహా. చెప్తుండగా కిటికీలోంచి గేటు కనపడింది. చెప్పులు వేసుకుని బయటే నిలబడి ఉన్నాడతను. నేను ముగించగానే ఎవరో అలవాటుగా స్తోత్రమన్నారు. మరెవరూ అనలేదు.

బల్ల మొదలైంది. రొట్టె పళ్ళెం నా వరుసకు రాకముందే బయటికి నడిచాను. గేటు తీసుకుని వెళ్ళి అతని పక్కన నిలబడ్డాను.

"లోపటికి పోర్రి సార్. ఎండ."

"ఉంటాను," అన్నాను.

అతను మళ్ళీ పొమ్మనలేదు. లోపల పాట మొదలైంది. అతనికి తెలిసిన పాటే. పెదవులు కదిలాయో లేదో నేను తిరిగి చూడలేదు. ఆరగానే లేవకూడదనేవాడు ఆయన. జరసేపు ఉండాలి, మళ్ళీ వెలుగుతుందేమో చూడాలి. పాట అయిపోయేదాకా ఇద్దరం అలా నిలబడే ఉన్నాం.